దేన్నైనా బలపరిచే మా హోరేస్

ఇప్పుడు పొద్దున్నే టీ పెట్టాలంటే నాలో నేనే అనుకుని, నేనే పెట్టుకోవాలి. ఇదివరకు అలా కాదు. పొయ్యి దగ్గర నిలబడి "టీ పెట్టనా?" అని నేను అనడమే ఆలస్యం, మెట్ల పైనుంచి, మొహమంతా గడ్డం సబ్బుతో, మా హోరేస్ కుడిచెయ్యి పైకెత్తి "బలపరుస్తున్నాను!" అనేవాడు. ఆ మాట వినబడ్డాకే కెటిల్ కింద మంట వెలిగేది. ఇప్పుడు కెటిల్ పట్టుకుని కాసేపు ఊరికే నిలబడుతున్నాను. బలపరిచేవాళ్లు లేరు. అయినా టీ తాగుతున్నాను, నిబంధనలకు విరుద్ధంగా.

మా హోరేస్ టిండల్‌కు ఉన్న జబ్బు అదొక్కటే. ఎదుటివాడు ఏది ప్రతిపాదించినా బలపరచడం. ఆల్డెన్‌బీ టౌన్ కౌన్సిల్‌లో కుర్రతనంలోనే చేరాడు, అక్కడ అంటుకుంది. మందులేని జబ్బు. నాతో పెళ్లి కూడా ఆ జబ్బు పుణ్యమే.

మేమిద్దరం చాలా కాలం ఆదివారాలు ఏటి గట్టున నడిచాం. ఎంత నడిచినా మనిషి నోరు విప్పి అడగడే! ఒక ఆదివారం మా అమ్మ పుడ్డింగ్ గిన్నె బల్ల మీద ఠక్కున పెట్టి, "మీరిద్దరూ పెళ్లి చేసుకుంటే నా ఇంట్లో ఒక కుర్చీ ఖాళీ అవుతుంది" అంది. హోరేస్ చెంచా పట్టుకున్న చెయ్యే పైకెత్తాడు.

"బలపరుస్తున్నాను."

అంటే నన్ను పెళ్లికి అడిగింది మా అమ్మ. ఈయన బలపరిచాడు, అంతే.

పళ్ల డాక్టరు దగ్గర ఇంకా ఘోరం. ఆయన ఈయన నోట్లోకి తొంగిచూసి "ఇది పీకేద్దామా?" అన్నాడు. నోరు తెరిచి ఉన్నవాడు మాట్లాడలేడు కదా, చెయ్యెత్తాడు. ఇంటికొచ్చాక చూస్తే నొప్పి పన్ను నోట్లోనే ఉంది, పక్కది పోయింది.

"అది కాదని చెప్పలేకపోయావా?"

"ఆయన ప్రతిపాదించాడు ఎనిడ్. ఎవరో ఒకరు బలపరచాలిగా."

"నోరు నీది, బలపరచకపోతే ఆయన ఏం చేసేవాడు?"

"అదీ నిజమే, బలపరుస్తున్నాను" అన్నాడు, దవడ పట్టుకుని.

ఇక ఆ కౌన్సిల్ గురించి చెప్పాలి. ఆల్డెన్‌బీకి ఎప్పుడో ఒక రాజు సంత పెట్టుకునే హక్కు, దొంగల్ని ఉరితీసే హక్కు రాసిచ్చాడట. ఆ రాజు పేరు ఊళ్లో ఎవరికీ గుర్తులేదు. మేయరుకు గుర్తుంది, తప్పుగా. ఒకప్పుడు మా కౌన్సిల్ రొట్టెలు తూచేది, నీళ్లిచ్చేది, నేరస్తుల్ని చెరలో వేసేది. మా పిల్లలు చిన్నగా ఉన్నప్పుడు ప్రభుత్వం పెద్ద సంస్కరణ అంటూ వచ్చింది. రోడ్లు కౌంటీ కౌన్సిల్ పట్టుకుపోయింది. చెత్తబండ్లు, ఇళ్లు జిల్లా కౌన్సిల్ పట్టుకుపోయింది. మాకు మిగిలినవి బెంచీలు, పూల తొట్లు, శ్మశానంలో గడ్డి, నోటీసు బోర్డు. ఎవరైనా ఇల్లు కట్టుకుంటామంటే మా అభిప్రాయం కూడా అడుగుతారు. అడిగి, పక్కన పెడతారు. పోగొట్టుకోనిది ఒక్కటే, ఆర్భాటం. వెండి గద ఉంది, ఎర్ర అంగీ ఉంది, మేయరు మెడలోకి గొలుసు ఉంది.

ఆ గొలుసు ఆల్బన్ స్ప్రాగ్ మెడలో ఉంటుంది. ఆయన మాంసం దుకాణం యజమాని. దుకాణంలో కూడా గొలుసు తియ్యడు. ఒకసారి ఖీమా యంత్రంలో పడబోయింది. ఆ వారం ఊళ్లో సాసేజ్‌లు కొన్నవాళ్లంతా జాగ్రత్తగా నమిలారు.

కౌన్సిల్‌లో ఏ పని జరగాలన్నా ఒకరు ప్రతిపాదించాలి, ఇంకొకరు బలపరచాలి. ఆ తర్వాతే మాట్లాడుకోవడం, చేతులెత్తి ఓటెయ్యడం. మిగతా సభ్యులు ఎవణ్ణి బలపరిస్తే ఎవడికి కోపం వస్తుందో లెక్క చూసుకుని కూర్చుంటారు. మా హోరేస్‌కు ఆ లెక్కే లేదు. ఒకే సాయంత్రం బెంచీలకు ఆకుపచ్చ రంగు వెయ్యాలన్నవాణ్ణీ బలపరిచాడు, గోధుమ రంగు వెయ్యాలన్నవాణ్ణీ బలపరిచాడు. బెంచీలే తీసెయ్యాలన్నవాణ్ణి కూడా బలపరిచాడు. పావురాల్ని బెదరగొట్టడానికి టౌన్ హాల్ కప్పు మీద ప్లాస్టిక్ గుడ్లగూబను పెడదామని స్ప్రాగ్ అంటే బలపరిచాడు. ఆ ఏడాదే పావురాలు గుడ్లగూబ తల మీద గూడు కట్టాయి.

ఇంకో విచిత్రం. బలపరిచినదానికే ఓటింగులో వ్యతిరేకంగా చెయ్యెత్తేవాడు! గుడ్లగూబకు కూడా అంతే.

"టిండల్, నువ్వే కదయ్యా బలపరిచావు?" అని స్ప్రాగ్ గొలుసు గలగలలాడేలా అరిచాడట.

"బలపరిచాను మేయరు గారూ. పెళ్లి చేసుకుంటానని అనలేదు."

ఊళ్లో అందరూ నవ్వేవాళ్లు. వెన్నెముక లేని మనిషి అన్నారు. గాలి ఎటు వీస్తే అటు తిరిగే, కప్పు మీది రేకు కోడిపుంజు అన్నారు. రొట్టెల దుకాణంలో వరసలో నిలబడి నేనూ విన్నాను. ఇంటికొచ్చి నేను కూడా అన్నాను. "మంచిమాట, బలపరుస్తున్నాను" అన్నాడు. అలాంటివాడితో పోట్లాట ఎలా పెట్టుకుంటాం?

మొన్న శీతాకాలం ఛాతీలో జలుబు చేసి పోయాడు. సమాధి దగ్గర పాస్టరు గారు "ప్రార్థన చేద్దాం" అన్నప్పుడు నేను తలవంచకుండా ఒక్క క్షణం ఆగాను. నేనొక్కదాన్నే అనుకున్నాను. చుట్టూ చూస్తే సగం ఊరు ఆగింది.

ఆ తర్వాతి కౌన్సిల్ సమావేశానికి నన్ను పిలిచారు. ఆయనకు ఒక నిమిషం మౌనం పాటిస్తారట. ప్రజలు కూర్చునే కుర్చీల్లో వెనకగా కూర్చున్నాను. స్ప్రాగ్ లేచి గొంతు సవరించుకుని, "మన కౌన్సిలర్ టిండల్ గారి స్మృతికి మౌనం పాటించాలని ప్రతిపాదిస్తున్నాను" అన్నాడు.

ఎవరూ మాట్లాడలేదు. అందరూ అలవాటుగా హోరేస్ కుర్చీ వైపు చూస్తున్నారు. కుర్చీ బలపరచడం లేదు. గోడ గడియారం టిక్కు టిక్కుమంటోంది. అలా చాలాసేపు అయ్యాక క్లర్కు గారెట్ నెమ్మదిగా అడిగాడు.

"మేయరు గారూ, మౌనం పాటించేసినట్టే రాసుకోనా?"

నాకు నవ్వొచ్చింది. రుమాలు అడ్డం పెట్టుకున్నాను. ఏడుస్తున్నాననుకుని పక్కనున్నావిడ నా భుజం తట్టింది.

ఆ తర్వాతి విషయానికి నవ్వు పోయింది. సంతవీధిలో ఒక మరుగుదొడ్డి ఉంది. జిల్లా కౌన్సిల్‌ది. వాళ్లేమో దాన్ని నడపడం ఇక మా వల్ల కాదు, వేసవిలోపు టౌన్ కౌన్సిల్ తీసుకుంటే సరి, లేకపోతే తాళం వేస్తామన్నారు. గురువారం సంతకు చుట్టుపక్కల పల్లెల నుంచి ముసలమ్మలు బస్సులో వస్తారు. పొద్దున్నే దింపిన బస్సు మళ్లీ మధ్యాహ్నం గానీ రాదు. ఆ తలుపుకు తాళం పడితే వాళ్లకు సంతే లేదు. సంత లేకపోతే వాళ్లకు వారంలో మనిషి మొహమే కనబడదు. మేయరుకు మాత్రం అక్కడ పూల తొట్లు కావాలి. వేసవిలో ఏ ఊళ్లో పూలు బాగున్నాయో తేల్చే పోటీకి న్యాయనిర్ణేతలు వస్తారు, దారిలో మరుగుదొడ్డి ఉంటే బహుమతి రాదని ఆయన బెంగ.

లేచింది సభ్యురాలు మావిస్ లమ్. బడి వంటశాలలో వండుతుంది. పరమ బిడియస్తురాలు, ఆవిడ మాట ఆవిడ శాలువాకే వినబడదు.

"మరుగుదొడ్డి... మనం తీసుకోవాలని... ప్రతిపాదిస్తున్నాను" అంది.

"బలపరిచేవారు?" అన్నాడు స్ప్రాగ్, ఊపిరి పీల్చుకునే వ్యవధి కూడా ఇవ్వకుండా. "లేరు. వీగిపోయింది. తర్వాతి విషయం, పూల తొట్లు."

అంతే. ఒక్క ముక్క చర్చ లేదు. మావిస్ ఎందుకు అడిగిందో చెప్పనే లేదు, కూర్చుండిపోయింది. నా చెయ్యి దానంతటదే లేచింది.

"నేను బలపరుస్తున్నాను!"

గారెట్ కళ్లజోడు పైనుంచి చూశాడు. "అమ్మా, ప్రజల కుర్చీల్లోంచి బలపరచడం కుదరదు."

"మరి ఏ కుర్చీలోంచి కుదురుతుంది?"

 ఆయన హోరేస్ ఖాళీ కుర్చీ వైపు చూశాడు.

బయట బస్సు కోసం నిలబడ్డప్పుడు మావిస్ నా చెయ్యి పట్టుకుంది.

"నేను కౌన్సిల్‌లో మొదటిసారి లేచిన రోజు మీకు తెలియదు ఎనిడ్. చెరువు దగ్గర బాతులు రోడ్డు దాటుతాయని బోర్డు పెట్టమన్నాను. అందరూ నవ్వారు. హోరేస్ చెయ్యెత్తాడు, చర్చ జరిగింది. చివర్లో నాకు వ్యతిరేకంగా ఓటేశాడు! ఒళ్లు మండి ఇదే చోట నిలదీశాను."

"ఏమన్నాడు?"

"'నీ ప్రతిపాదన చెత్తది మావిస్. కానీ ఎంత ధైర్యం కూడగట్టుకుని లేచావో చూశాను. అప్పుడే కూర్చోబెట్టేస్తే మళ్లీ ఎప్పుడూ లేవవు. ఓడిస్తే ఓడించాలి, కానీ విన్నాక ఓడించాలి' అన్నాడు. ఆ తర్వాత నా సంచి మోసుకుని బస్సెక్కించాడు."

పళ్ల డాక్టరు కథ ఊరంతా చెప్పిన మనిషి ఈ ముక్క నాకు ఒక్కసారి కూడా చెప్పలేదు.

"మరి బాతులు?" అన్నాను.

"రోడ్డు కౌంటీ కౌన్సిల్‌ది కదమ్మా, మనది కాదు. అవి అలాగే దాటుతున్నాయి."

హోరేస్ కుర్చీ ఖాళీ అయిందని గారెట్ నోటీసు బోర్డు మీద కాగితం అతికించాడు. ఎన్నిక కావాలని ఎవరూ అడగలేదు. అలాంటప్పుడు కౌన్సిలే ఒకరిని ఎంచి కూర్చోబెట్టుకోవచ్చు. మావిస్ మా ఇంటికొచ్చి, "మీరు" అంది.

"నేనా? నేను చదివింది ఎంతని? ఇంటిపని తప్ప నాకేం వచ్చు?"

"స్ప్రాగ్ చదివింది ఎంత? ఆయనకు ఇంటిపని కూడా రాదు."

తర్వాతి సమావేశంలో మావిస్ నా పేరు ప్రతిపాదించింది. బలపరిచేవారు? అందరూ మేయరు మొహం చూశారు. నన్ను బలపరిస్తే మరుగుదొడ్డిని బలపరిచినట్టే, ఇక క్రిస్మస్‌కు ఆయన తన దుకాణంలో టర్కీ కోడి దాచిపెట్టడు. గదంతా చూపులు దించుకుంది. లేచి వెళ్లిపోదామని నా సంచి తీసుకున్నాను.

స్ప్రాగ్ మెడ ఎర్రబడింది. గొలుసు ఒకసారి అటు, ఒకసారి ఇటు లాక్కున్నాడు.

"నన్ను మొదటిసారి మేయరుగా ప్రతిపాదించినప్పుడు ఈ గదిలో ఒక్కడే చెయ్యెత్తాడు" అని గొణిగాడు. "ఆ రోజు నా చొక్కా మీద నెత్తురు మరక కూడా ఉంది. సరే. బలపరుస్తున్నాను."

బలపరిచాడు. ఓటింగులో నాకు వ్యతిరేకంగా చెయ్యెత్తాడు! అయినా నేను నెగ్గాను. మేయరే బలపరిచాడు కదా, ఇక భయమేమిటని మిగతావాళ్లు ధైర్యంగా చేతులెత్తారు. ఆయన వాళ్లను చూసిన చూపు నేను బతికున్నంత కాలం మరిచిపోను.

పదవి కాగితం మీద సంతకం పెట్టి హోరేస్ కుర్చీలో కూర్చున్నాను. మావిస్ మరుగుదొడ్డి విషయం మళ్లీ ఎత్తింది.

"అది కిందటిసారే పోయింది" అన్నాడు స్ప్రాగ్.

"చర్చకే రానిదాన్ని ఓడిపోయిందని ఎలా అంటాం మేయరు గారూ? మళ్లీ తేవచ్చు" అన్నాడు గారెట్. ఆయన మొహంలో ఏమీ కనబడలేదు. కనబడకపోవడమే ఆయన ఉద్యోగం.

"బలపరుస్తున్నాను" అన్నాను.

ఇక చర్చ తప్పలేదు. మావిస్ లేచి, శాలువా తీసి కుర్చీ మీద వేసి, "పల్లెల నుంచి వచ్చే పెద్దవాళ్లు సంత రోజున పొద్దున్నుంచీ టీ చుక్క ముట్టకుండా రావాలా? రాకుండా ఇంట్లో పడి ఉండాలా? రెండిట్లో ఏదో మీరే చెప్పండి" అంది. మొదటిసారి ఆవిడ గొంతు గోడదాకా వెళ్లి తిరిగొచ్చింది.

స్ప్రాగ్ లేచాడు. "అందరికీ సానుభూతి ఉంది. కానీ న్యాయనిర్ణేతలు లండన్ నుంచి వస్తున్నారు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఊరంతా నడిచి చూస్తారు. వాళ్లకు గులాబీలు కనబడాలా, ఆ మరుగుదొడ్డి కనబడాలా?"

"సాయంత్రం దాకా నడుస్తారా?" అన్నాను.

"నడుస్తారు."

"ఆ మరుగుదొడ్డికి తాళం వేస్తే మరి వాళ్లెక్కడికి వెళ్తారు మేయరు గారూ? మీ గులాబీల వెనక్కా?"

ముందు ఎవరో దగ్గారు. తర్వాత గదంతా పగలబడి నవ్వింది. వెండి గద పెట్టిన బల్ల కూడా కదిలింది. నవ్వుతున్నప్పుడే గారెట్ ఓటింగు అన్నాడు, నవ్వుతూనే చేతులు లేచాయి. మరుగుదొడ్డి మాదైంది. ఉరితీసే హక్కు పోయిన ఇన్నాళ్లకు ఆల్డెన్‌బీకి మళ్లీ ఒక అధికారం వచ్చింది.

సమావేశం ముగిసింది. బల్ల నిండా టీ కప్పులు, అడుగున మడ్డి, అంచున బిస్కెట్ ముక్కలు. ఆ కప్పులు కడగడం ఆడ సభ్యుల పని. ఏ నిబంధనలోనూ లేదు, ఎవరూ ఎప్పుడూ అడగలేదు. ఇన్నాళ్లూ మావిస్ ఒక్కతే కడిగింది.

స్ప్రాగ్ కోటు తొడుక్కుంటూ అన్నాడు. "ఎనిడ్ తల్లీ, నువ్వూ వచ్చావు, మంచిదైంది. ఇద్దరూ కలిస్తే ఆ కప్పులు చిటికెలో అయిపోతాయి."

"అది ప్రతిపాదనా మేయరు గారూ?"

"ఏదో ఒకటి అనుకో అమ్మా. ప్రతిపాదనే అనుకో."

గారెట్ మూసిన కలం మళ్లీ తెరిచాడు. "కప్పులు మావిస్, ఎనిడ్ కడగాలని మేయరు గారి ప్రతిపాదన. బలపరిచేవారు?"

ఒకాయన పైకప్పు చూశాడు. ఇంకొకాయన బూటు ముడి విప్పి మళ్లీ వేసుకున్నాడు. మావిస్ చెయ్యి మాత్రం అలవాటుగా సగం లేచింది. పట్టుకుని కిందికి దించాను.

"వీగిపోయింది" అన్నాడు గారెట్.

మావిస్ శాలువా కప్పుకుంది. నేను సంచి తీసుకున్నాను. తలుపు దగ్గర వెనక్కి తిరిగి చూస్తే మేయరు గారు గొలుసుతో సహా కప్పుల ముందు ఒంటరిగా నిలబడి ఉన్నాడు. ఒక కప్పు చేతిలోకి తీసుకుని, దాన్ని ఎటునుంచి కడగాలో తిప్పి తిప్పి చూస్తున్నాడు.

మేం బస్సుకు వెళ్లిపోయాం.