గ్రహణానికి కోసిన ఎక్స్‌రే

నా భార్యకు ఆస్ట్రేలియాలో నర్సు ఉద్యోగం దొరికింది. ఆమె వెంట నేనూ పోవాలంటే వీసా కోసం ఇద్దరం మెడికల్ పరీక్ష చేయించుకోవాలి. ఒకరిది ఆగితే ఇద్దరి ఫైలూ ఆగుతుంది. ఆగితే నాదే ఆగుతుందని నాకు ముందే తెలుసు. పదేళ్ల కింద నాకు టీబీ వచ్చింది. ఆరు నెలలు మందులు మింగితే తగ్గింది గానీ, ఊపిరితిత్తి పైభాగంలో మచ్చ మిగిలింది.

నేను పదో తరగతి దాటలేదు. తార్నాకలో జిరాక్స్ షాపులో పని. పక్కనే ఉన్న యూనివర్సిటీలో సీటు దొరకలేదు కానీ, దాని లైబ్రరీలో కుర్చీ దొరికింది. షాపు సెలవైన రోజల్లా అక్కడే ఉంటాను. ఈ పరీక్ష సంగతీ అక్కడే చదివాను. మచ్చ ఉంటే పాత ఎక్స్‌రేతో పోల్చి చూస్తారు. మార్పు లేకపోతే ఒక్కోసారి అంతటితో వదిలేస్తారు. పాతది లేకపోతే వరుసగా మూడు పొద్దులు తెమడ ఇవ్వాలి. అందులో క్రిములు పెరుగుతాయేమో చూసి చెప్పడానికి రెండు నెలల దాకా పడుతుంది. దాని ఖర్చు వేరే.

అన్నీ నోటుబుక్కులో రాసుకున్నాను. రిపోర్టు ఏడాదే చెల్లుతుంది కాబట్టి తొందర వద్దని, చిట్టీ ఎత్తిన నెలలో పోదామని నా ప్లాన్.

"ఇప్పుడే చేపిద్దాం, నాకు బుగులైతున్నది" అంది ఆమె.

"పాత ఎక్స్‌రే ఉన్నది కదా, ఎందుకు బుగులు?" అన్నాను.

ఆ ధైర్యంతోనే తెమడ పరీక్షకు రోజులూ వదల్లేదు, పైసలూ పక్కన పెట్టలేదు.

ఆమె డ్యూటీలో చేరడానికి తొమ్మిది వారాలు ఉందనగా బీరువా మీద నుంచి ఎక్స్‌రే కవరు దించాను. లోపల కత్తెర పడిన సన్నటి పట్టీ ఒక్కటే ఉంది.

అప్పుడు గుర్తొచ్చింది. ఒక సూర్యగ్రహణం రోజు మా సీతాఫల్‌మండి గల్లీ పిల్లలను క్యాంపస్ గ్రౌండుకు తీసుకుపోయి, గ్రహణం ఎట్లా పడుతుందో పాఠం చెప్పి, చూడటానికి తలా ఒక ముక్క ఇచ్చాను.

"ఎవరు కోసిండ్రు?" అంది నా భార్య.

"నేనే."

"లైబ్రరీల చదివినవా, కోయమని?"

"ఎక్స్‌రేలకెల్లి సూర్యున్ని చూడొద్దని తర్వాత చదివిన."

నవ్వింది. నవ్వుతూనే మంచం మీద కూలబడింది. "తొమ్మిది వారాలే" అంది.

మందులిచ్చిన దవాఖానకు పోయాను. ఎక్స్‌రేలు పేషెంట్లకే ఇచ్చేస్తామన్నారు. కోర్సు పూర్తిచేసినట్టు మాత్రం ఒక కాగితం రాసిచ్చారు. గల్లీలో ఇల్లిల్లూ అడిగాను. పక్కింటి పెద్దమ్మ గాజుల డబ్బా అడుగు నుంచి ఒక ముక్క తీసింది.

"గిదేనా బిడ్డా? మా మనుమడు దాసుకున్నడు."

ట్యూబులైటుకు ఎదురుగా పట్టి చూశాను. కింది పక్కటెముకలు. మచ్చ ఉన్న భాగం కాదు.

ఇంటికి వచ్చేసరికి నా నోటుబుక్కు నా భార్య ముందు తెరిచి ఉంది. నా తేదీలన్నీ కొట్టేసింది. ఎల్లుండికి అపాయింట్‌మెంట్ తీసుకుంది. తెమడ పరీక్ష ఖర్చుకు చిట్టీని నష్టానికే పాడేద్దామంది. ఇంకొన్నాళ్లు ఆగమని ఆస్ట్రేలియా ఆసుపత్రికి మెయిల్ కూడా పంపింది.

పరీక్షలో డాక్టరు తెరమీద మచ్చను చాలాసేపు చూశాడు. "పాత ఎక్స్‌రే ఉందా?" అన్నాడు.

"లేదు సార్" అన్నాను. ఎందుకు లేదో చెప్పలేదు.

మూడు పొద్దులు తెమడ ఇచ్చాను. అవతలి ఆసుపత్రి వాళ్లు రెండు వారాలు ఆగుతాం, అంతకంటే కుదరదని రాశారు. రిపోర్టు అనుకున్న రోజుకే వస్తే ఆ గడువుకు నాలుగు రోజులు మిగులుతాయి. తెమడ ఇచ్చాక ఇది ఆరో వారం. దగ్గు వచ్చినప్పుడల్లా ఆమె వంటగదిలోంచి తొంగి చూస్తుంది. నేను మంచినీళ్లు తాగుతున్నట్టు నటిస్తాను.

డబ్బులిచ్చి కొత్త ఎక్స్‌రేకు ఒక ఫిల్ము తీయించుకున్నాం. దాన్ని ఆమె నా చేతికి ఇవ్వలేదు. కవరు మీద పెద్ద అక్షరాలతో 'కోయొద్దు' అని రాసి, బీరువా లోపల పెట్టి తాళం వేసింది.