ఈరయ్య పేరు మీద గోలి

కిష్టప్పకు తన నీడ మీద కూడా అనుమానమే. చాయ్ బండి దగ్గర ఎవరైనా రెండుసార్లు తనవైపు చూస్తే పోలీసేనని తేల్చేసేవాడు. పుట్టుకతో వచ్చిన గుణం కాదిది. తాండూరులో ఇరవై ఏళ్లు బండలు మోస్తే నడుము పోయింది. మెడికల్ షాపువాడు ఒక నొప్పి గోలి ఇచ్చాడు. ఒకటి రెండయింది, రెండు పదయ్యాయి. నడుము బాగున్న రోజు కూడా గోలి పడకపోతే కాళ్లు గుంజేవి, ముక్కూ కళ్లూ కారేవి.

డాక్టర్ చీటి లేకుండా గోలీలు అమ్ముతున్నాడని మొన్న ఆ షాపుకు తాళం పడింది. రెండో రోజుకే మనిషి మెలికలు తిరిగిపోయాడు. తాండూరులో అందరూ తెలిసినవాళ్లే, అక్కడ చూపించుకోనన్నాడు. భార్య మొగులమ్మ రైలెక్కించి వికారాబాద్‌లో ఒక ఆస్పత్రి ఎమర్జెన్సీకి తీసుకొచ్చింది.

చీటి రాసేచోట పేరడిగారు. తడుముకోకుండా "ఈరయ్య" అన్నాడు. ఈరయ్య అతని మేస్త్రి, రోజూ తిట్టే మనిషి. పోలీసులొస్తే వాణ్నే పట్టుకుపోతారని అంత బాధలోనూ కాస్త సంబరపడ్డాడు. మొగులమ్మ నెత్తి కొట్టుకుంది.

"ఏమైంది?" అని డాక్టర్ నిరోషా అడిగితే, "జరమొచ్చింది మేడమ్" అన్నాడు.

"జరం గాదు. దినాం పది నొప్పి గోలీలు మింగుతడు" అంది మొగులమ్మ.

డాక్టరమ్మ తిట్టలేదు. తిట్టని డాక్టర్‌ను అసలే నమ్మకూడదనుకున్నాడు కిష్టప్ప. నర్సు పద్మారాణి ఒక చిన్న గోలి తెచ్చి, నాలుక కింద పెట్టుకొమ్మంది.

"గోలీలు మానిపియ్యనీకె మళ్ల గోలేనా? గిదేం మతలబు?"

"ముల్లును ముల్లుతోనే తియ్యాలె అన్నా. ఇది గుంజుడు ఆపుతది. కరిగేదాక మింగొద్దు, మాట్లాడొద్దు. రేపు మళ్ల రావాలె."

గంట తిరగకముందే కాళ్ల గుంజుడు తగ్గింది, ఆకలేసింది. ఇంత తొందరగా తగ్గిందంటే ఏదో మోసముందని ఇడ్లీ తింటూ కూడా సణిగాడు.

మర్నాడు మళ్లీ వచ్చి బల్ల మీద కూర్చున్నారు. పద్మారాణి తలుపు దగ్గర నిలబడి "ఈరయ్యా!" అని కేకేసింది. కిష్టప్ప చుట్టూ చూశాడు. మేస్త్రి ఇక్కడిదాకా వచ్చాడు, అంతా తెలిసిపోయింది! చెప్పులు వదిలేసి గేటు వైపు పరుగు తీశాడు.

మొగులమ్మ వెనకాలే ఉరికి చొక్కా పట్టుకుంది. "ఏడికి ఉరుకుతున్నవ్? నువ్వే గదయ్యా ఈరయ్యవు!"

అప్పుడు గుర్తొచ్చింది. అయినా కాలు వెనక్కి పడలేదు. ఇప్పుడు వెళ్లిపోతే సాయంత్రానికల్లా ఇంకో మెడికల్ షాపు వెతుక్కుంటాడు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

"పోలీసులు పట్టుకుంటరని ఫికర్ జేస్తున్నవ్. గా గోలీలు నిన్ను పట్టుకొని ఆరేండ్లాయె. గది కనవడ్తలేదా?" అంది మొగులమ్మ.

లోపల పద్మారాణి, మనిషి రాలేదని బుక్కులో ఈరయ్య పేరు కొట్టేయబోతోంది. కిష్టప్ప ఎదురుగా వచ్చి నిలబడ్డాడు.

"కొట్టెయ్యి సిస్టరమ్మా. ఈరయ్య రాడు. నేను కిష్టప్పను."

ఆమె కొట్టేసి, పక్కన కొత్త పేరు రాసింది. అతను మెడ చాచి చూశాడు. "గీ బుక్కు ఎవలెవలు చూస్తరు..."

"నోరు తెరువు కిష్టప్పన్నా."

అడగాల్సిన అనుమానాలు ఇంకా బోలెడున్నాయి. గోలి కరిగేదాకా నోరు మూసుకోక తప్పలేదు. కళ్లు మాత్రం కారాయి. అవి గోలి పడక కారిన నీళ్లు కావని మొగులమ్మకు తెలుసు.