తాళం లేని జాబితా

విశ్వవిద్యాలయం గ్రంథాలయంలో పత్రికల గది గుమాస్తా ఆవిడ. చదివింది డిగ్రీ. వచ్చిన పత్రికని నమోదు చేసుకుని బీరువాలో సర్దడం ఉద్యోగం. అంతవరకూ వింతేం లేదు. కానీ సోమవారం పొద్దున్నయ్యేసరికి ఆవిడ ఈమెయిల్లో పంపే జాబితా కోసం ఆరువందల మంది పరిశోధకులు కాచుకుని కూర్చుంటారు. వాళ్ళంతా ఆవిణ్ణి లిస్టక్క అంటారు.

ప్రతి జాబితాలో పదిహేను పరిశోధన పేపర్లు. ఒక్కోదాని కింద అది ఎవరికి పనికొస్తుందో సొంత మాటల్లో రెండు ముక్కలు. ‘మొదటి నాలుగు పేజీలు ఊకదంపుడు, తిన్నగా పట్టికల్లోకి వెళ్ళండి’ అని మొహమాటం లేకుండా రాసిపారేస్తుంది. నియమం మాత్రం ఒక్కటే. ఏ పేపరైనా, ఎవరైనా, ఎక్కణ్ణించైనా పైసా కట్టకుండా చదవగలగాలి. జనం సొమ్ముతో జరిగిన పరిశోధనకి తాళం బిగించి, చూడాలంటే డబ్బు తియ్యమనే పత్రికలంటే ఆవిడకి ఒళ్ళు మంట. మంట కాక మరేమిటి చెప్పండి. అందుకే జాబితా నెత్తిన ‘తాళం లేనివి మాత్రమే’ అని రాసుకుంది. నాలుగేళ్ళుగా ఆ మాట తప్పలేదు.

ఇంట్లో అత్తగారికి మాత్రం ఇదంతా అయోమయం.

“పరీక్ష లేదు, పట్టా లేదు, ఎందుకే నీకీ చదువు?” అనేది.

“నేను చదవడానికి కాదత్తయ్యా, చదివేవాళ్ళకి దారి చూపించడానికి.”

“ఊరందరికీ దారి చూపిస్తున్నావు, ఈ కూరలో ఉప్పెక్కడుందో నాకూ కాస్త చూపించు తల్లీ.”

ఒక మంగళవారం మధ్యాహ్నం ముక్కూ మొహం తెలియని అమ్మాయి దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. ‘అక్కా, నేను ఆసుపత్రిలో నర్సుని. డ్యూటీ చేసుకుంటూ పరిశోధన చేస్తున్నాను. మంచాన పడ్డ రోగులకి వీపు మీద పుండ్లు పడకుండా ఎన్ని గంటలకోసారి పక్కకి తిప్పాలన్నది నా విషయం. మీ జాబితాలో తొమ్మిదో పేపరు డబ్బు కట్టమంటోంది. శుక్రవారం కమిటీ ముందు నిలబడాలి. పోయినసారి కొలతలు లేవని వెనక్కి పంపారు. ఈసారీ లేకపోతే సీటు తీసేస్తామన్నారు. ఏ పరుపు ఒంటిని ఎంత నొక్కుతుందో ఆ కొలతలు ఆ పేపర్లోనే ఉన్నాయి.’

లిస్టక్క అక్కడికక్కడే ఆ లింకు నొక్కింది. పేపరు శుభ్రంగా తెరుచుకుంది. పాపం ఈ పిల్లకి నొక్కడం రాలేదేమో అనుకుని, ‘ఇంకోసారి ప్రయత్నించమ్మా’ అని జవాబిచ్చింది. ఎంత పొరపాటో సాయంత్రం ఇంటికొచ్చాక తెలిసింది. అనుమానం తీరక తన ఫోన్లో మళ్ళీ నొక్కితే ఎదురుగా తాళం బొమ్మ, కింద ధర.

సంగతేమిటంటే, గ్రంథాలయం ఏటేటా చందా కడుతుంది కాబట్టి ఆ భవనంలో కూర్చుని నొక్కితే తాళం ఉన్నవి కూడా తెరుచుకుంటాయి. అందుకే ఆవిడ ఎప్పుడూ ప్రతి లింకునీ ఇంటికెళ్ళే బస్సులో సొంత ఫోన్లో పరీక్షించేది. మూడు వారాల కిందట కంప్యూటర్ల అతను మంచి చేస్తున్నాననుకుని ఆ ఫోన్‌ని గ్రంథాలయం వైఫైకి కలిపాడు. హాయిగా ఉంది కదా అని ఈవిడ పరీక్షలన్నీ భోజనాల వేళ అక్కడే కానిచ్చేసింది. ఇప్పుడు కూర్చుని లెక్కపెడితే నలభై అయిదింట్లో పంతొమ్మిదింటికి తాళం.

“కావాలని చేశావా ఏంటి, వచ్చే వారం నుంచి చూసుకో,” అన్నాడు భర్త.

“వచ్చే వారానికి ఆ పిల్లకి సీటుండదండీ.”

పొద్దున్నే కంప్యూటర్ల అతను ఉపాయం చెప్పాడు. “ఇక్కణ్ణించి దించి పంపెయ్యండక్కా, ఎవరు చూడొచ్చారు?”

“బయటివాళ్ళకి ఇవ్వకూడదని పత్రికలతో మనం సంతకం పెట్టిన ఒప్పందం బాబూ. పైగా ఒక్కదానికి చాటుగా ఇస్తే మిగతావాళ్ళ సంగతేంటి?”

తాళం తీసే దారి ఇంకొకటుంది. పేపరు రాసినవాళ్ళు తమ ఆఖరి రాతప్రతిని అందరికీ అందేచోట పెట్టుకోవడానికి చాలా పత్రికలు ఒప్పుకుంటాయి. చాలామంది బద్ధకించి పెట్టరు, అంతే. లిస్టక్క ఆరువందల మందికీ ఉత్తరం రాసింది. ‘మూడు వారాల తప్పు నాదే. ఈ పంతొమ్మిది మంది రచయితల్లో మీకు ఎవరు తెలిసినా ఒక్క ఫోను చెయ్యండి. ఒకమ్మాయి సీటు దీనిమీద ఉంది.’

ఇక చూడాలి ఆ సందడి! గంటలో మూడు తాళాలు ఊడాయి. భోజనాల వేళకి ఏడు. ఒకాయన తన రాతప్రతిని రైల్లోంచే ఎక్కించాడు. ఒకావిడ తన గురువుని నిద్రలేపి మరీ పెట్టించింది. ఒక్కొక్క లింకూ తెరుచుకుంటుంటే లిస్టక్కకి కాలు ఒకచోట నిలవడం లేదు. గురువారం మధ్యాహ్నానికి పద్దెనిమిది అయ్యాయి. మిగిలింది ఒక్కటే, ఆ తొమ్మిదోది.

దాన్ని రాసినాయన అదే ఆవరణలో, ఎదుటి భవనం మూడో అంతస్తులో కూర్చునే ఇంజనీరింగు మాస్టారు. ఉత్తరాలు తెరవడని పేరు. ఆవిడ మెట్లన్నీ పరుగున ఎక్కి, ఆయాసపడుతూనే గుమ్మంలో నిలబడింది.

“సార్, మీ పరుపుల పేపరు కావాలి.”

“అది రాసి పదకొండేళ్ళయింది. ఎవరికమ్మా?”

“ఒక నర్సుకి. రేపు పొద్దున్నే కమిటీ.”

మాస్టారు కళ్ళజోడు తీశాడు. “నర్సులు చదువుతారా దాన్ని?”

“చదవనిస్తే చదువుతారు సార్.”

ఆయన వెంటనే సొరుగులన్నీ బోర్లించాడు. అయిదో పెన్‌డ్రైవులో రాతప్రతి దొరికింది. ఎక్కించడం ఆయనకి రాకపోతే ఆవిడే కూర్చుని విశ్వవిద్యాలయం ఉచిత భాండాగారంలో పెట్టింది. తర్వాత ఫోన్లో వైఫై ఆపేసి, కిటికీ దగ్గరికెళ్ళి నొక్కింది. తెరుచుకుంది. ఆనందం పట్టలేక మాస్టారి చేతులు పట్టుకుని ఊపేసింది. ఆయన కూడా నవ్వేసి, “ఆ అమ్మాయి నంబరివ్వు. మూడో పట్టికలో ఒక అంకె తప్పు పడింది. ఇన్నేళ్ళూ అడిగినవాళ్ళు లేక ఊరుకున్నాను,” అన్నాడు.

శుక్రవారం రెండు దాటాక ఫోను మోగింది.

“సీటు నిలబడిందక్కా. సరిగ్గా ఆ అంకె దగ్గరే పట్టుకున్నారు. రాసినాయనే నిన్న ఫోన్ చేసి సరిచేశారంటే ఇంక నోరెత్తలేదు.” నర్సు గొంతులో ఏడుపో నవ్వో తెలియడం లేదు. “ఇవన్నీ ఏరి పెడుతున్న ప్రొఫెసరెవరని అడిగారు. మీ పేరు చెప్పాను. మీది ఏ శాఖక్కా?”



“ప్రొఫెసర్ని కాదమ్మా, గుమాస్తాని.”

“అయితే నా థీసిస్‌లో మీ గురించి ఏమని రాయను?”

“ఏం రాయకపోయినా పర్లేదు. నీ పేపరు తయారయ్యాక తాళాలేసే వాళ్ళకి మాత్రం ఇవ్వకు,” అంది లిస్టక్క, కళ్ళు తుడుచుకుంటూ. “నాకు పంపు. ఆ వారం ఒకటో నంబరు నీదే.”