తేనె టీచరు వీపెక్కని కూతురు

ఆ వీధిలో ఆమెను అందరూ తేనె టీచరనే పిలుస్తారు. బళ్లో మూడేళ్ల పిల్లల గది ఆమెది. ఆ గొంతు వింటే చక్కెర డబ్బా కూడా సిగ్గుపడి మూత పెట్టుకోవాల్సిందే. ఒకడు ఇంకొకడి చెవి కొరికినా ఆమె అరవదు. మోకాళ్ల మీద కూర్చుని, "అల్లా పళ్లెందుకిచ్చాడు నాన్నా? నవ్వడానికి కదా!" అంటుంది. కొరికినవాడు నవ్వుతాడు, కొరికించుకున్నవాడూ నవ్వుతాడు. పిల్లలంటే అల్లా మనల్ని నమ్మి దాచమని ఇచ్చిన సొత్తనీ, దాని మీద గీత పడకూడదనీ ఆమె ఎప్పుడూ చెప్పే మాట.

అదంతా బడి గేటు దాకానే. ఉన్న ఓపికంతా ఊరి పిల్లలకి పంచేసి, సాయంత్రానికి గీకిన గిన్నెలా ఇంటికొచ్చేది. చెప్పులు విప్పకముందే, "ఈ బొమ్మలు గుమ్మంలో పోసిందెవరు?" అని ఆమె వేసే కేకకి, పిట్టగోడ మీది పావురాలు పక్క వీధికి కాపురం మార్చేశాయి. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత అంటే ఇదే.

ఆ బొమ్మలు పోసేది ఆమె కూతురు చిట్టి, ఇంకా మూడేళ్లు నిండని పిల్ల. పగలంతా పెద్దమ్మ దగ్గరే ఉంటుంది. పెద్దమ్మంటే టీచరు తోడికోడలు. వాళ్లదే ముందు గది, అక్కడే కుట్టుమిషను పెట్టుకుని బట్టలు కుడుతుంది. కొడుకులిద్దరికీ గడ్డాలొచ్చేశాయి, తల్లి పిలిస్తే మూడో పిలుపుకి 'ఊఁ' అంటారు. అందుకే చిట్టి ఆవిడకి ప్రాణం. చిట్టికీ అంతే. అక్కడే వచ్చింది కడుపుమంట.

పిల్ల పడితే "పెద్దమ్మా!" అని ఏడ్చేది. అన్నం ముందు బిస్మిల్లా అనడం కూడా పెద్దమ్మే నేర్పింది. ముప్ఫై మంది పిల్లలకి నేర్పిన నోరుండగా సొంత కూతురికి ఇంకొకరు నేర్పారని టీచరు ఆ పూట ముద్ద మింగలేదు. ఓ రోజు తోడికోడలు మంచిమాటే చెప్పింది. "అమ్మాయ్, రాగానే కాసేపు నడుం వాల్చు. ఒంటికి కూడా మన మీద హక్కుందంటారు పెద్దలు."

'ఆహా! నేను నడుం వాలిస్తే నా కూతుర్ని పూర్తిగా ఎగరేసుకుపోదామనా?' అనుకుంది టీచరు. పైకి మాత్రం, "నాకేం అలుపు లేదక్కా," అంది, గోడ పట్టుకుని నిలబడి.

మంట మీద నెయ్యి పడింది ఓ సెలవు రోజున. తోడికోడలు నమాజులో సజ్దాకి వంగి నుదురు నేలకానించింది. చిట్టి పరుగున వచ్చి ఆవిడ వీపెక్కి, గుర్రం ఆట మొదలెట్టింది. ఆవిడ కదల్లేదు. పిల్ల తనంతట తాను దిగేదాకా అలాగే ఉంది. గుమ్మంలో నిలబడ్డ టీచరు చూపుకి తెర గుడ్డ అంటుకోకపోవడమే ఆశ్చర్యం.

"నా వీపు ఒక్కనాడైనా ఎక్కిందా అది?" అని మొగుడి దగ్గర వాపోయింది.

"ఎవరి వీపైతేనేం, కింద పడకపోతే చాలు," అన్నాడాయన. ఆ రాత్రి ఆయనకి దుప్పటి దక్కలేదు.

మర్నాడు టీచరు బడి నుంచి రాగానే ముఖం, కాళ్లూ చేతులూ కడుక్కుని వజూ చేసుకుంది. చిట్టి ఆడుకునే చోటే, సరిగ్గా దాని కంటికి ఎదురుగా చాప పరిచి, సాయంత్రపు అసర్ నమాజుకి నిలబడింది. సజ్దాకి వంగి ఎదురుచూసింది. పిల్ల రాలేదు. 'రావే తల్లీ, రా' అనుకుంటూ ఇంకా ఉంది. చాప చల్లగా ఉంది, మిషను చప్పుడు జోలపాటలా ఉంది. బళ్లో పొద్దుటినుంచి అరిగిన మోకాళ్లకి అదే మొదటి విశ్రాంతి. అంతే, అలాగే పక్కకి ఒరిగి నిద్రపోయింది. ఆ గురకకి మిషనే మధ్యలో ఆగి విందట.

కళ్లు తెరిచేసరికి చెంప మీద చాప అల్లిక అచ్చుపడి ఉంది. ఒంటి మీద ఇంకా చేతులు కుట్టని జుబ్బా ఒకటి కప్పి ఉంది. పక్కన చిట్టి కాపలా కూర్చుని, "ష్! పెద్దమ్మా, అమ్మ బజ్జుంది!" అని వీధంతా లేచేలా అరుస్తోంది. తోడికోడలు పొట్ట పట్టుకుని నవ్వుతోంది.

"నవ్వు అక్కా, నవ్వు. నువ్వు వంగితే ఎక్కుతుంది, నేను వంగితే జుబ్బా కప్పుతుంది," అంది టీచరు. చెంప మీది అచ్చు రుద్దుకుంది.

తోడికోడలి నవ్వు ఆగింది. "ఓసి పిచ్చిదానా! అందుకా ఇక్కడ చాప వేశావ్? నమాజు ఎవరి కోసమే, అల్లా కోసమా, దాని కోసమా?"

టీచరు తల దించుకుంది.

"రోజూ నువ్వు చేసేది చూస్తున్నాగా. బస్సు వెళ్లిపోతున్నట్టు వంగుతావు, లేస్తావు. గుర్రం కాసేపు నిలబడితేనే కదమ్మా ఎవరైనా ఎక్కేది! లే, నిద్రపోయావుగా, మళ్లీ వజూ చేసుకో."

టీచరు లేచి మళ్లీ వజూ చేసుకుంది. ఈసారి చాపని గది మూలకి లాక్కుంది, ఎవరి కంటా పడకుండా. నిద్రతో ఒళ్లు తేలికైంది. సిగ్గుతో మనసూ కాస్త తేలికైంది. వంగినప్పుడు చిట్టి గుర్తుకే రాలేదు. నిమ్మళంగా సజ్దాలో ఉండగా రెండు చిన్న మోకాళ్లు వీపు మీద పాకాయి. మెడ చుట్టూ చేతులు పడ్డాయి. టీచరు కదల్లేదు. కన్నీళ్లకి చాప తడిసింది.

ముందు గదిలో మిషను చప్పుడు ఆగిపోయింది.

నమాజు ముగించి చూస్తే గుమ్మంలో తోడికోడలు నిలబడి ఉంది. నవ్వుతోంది గానీ, ఆ నవ్వు కుట్లు పిగిలిన జేబులా వేలాడుతోంది. టీచరుకి ఆ ముఖం బాగా తెలుసు. ఇన్నాళ్లూ తన అద్దంలో చూస్తున్నది దాన్నే. ఒక్క క్షణం లోపల సంబరపడింది కూడా, ఎందుకు దాచడం! ఆ తర్వాత మాత్రం ఉండబట్టలేకపోయింది.

"అక్కా, రేపట్నుంచి మన చాపలు పక్కపక్కనే వేద్దాం."

"ఎందుకూ, పందెమా?"

"కాదు. ఒక గుర్రం అలిసిపోతే ఇంకోటుండాలిగా. నేను రాగానే కాసేపు నడుం వాలుస్తాను. అందాకా స్వారీ నీ మీదే."

తోడికోడలు ముక్కు ఎగబీల్చి, కొంగుతో తుడుచుకుంది. "సరే గానీ, ముందా జుబ్బా ఇటివ్వు. దాని యజమాని వచ్చి వాకిట్లో కూర్చున్నాడు. చేతులేవని అడిగితే, మా గుర్రానికి కప్పామని చెప్పనా?"