మా మామగారి చప్పిడి కూడు

మా మామగారు పోయి పదమూడు రోజులైంది. పొద్దున్నే పాలు పిండే వేళకు ఊపిరి ఆగింది. మా అత్తయ్య గోడకు చేరగిలబడి కూర్చుండిపోయింది, నా భార్య ఏడుస్తోంది, ఫోన్లు చేసే పని నా మీద పడింది. మార్టూరు, పిడుగురాళ్ల, మంగళగిరి, ఎక్కడెక్కడి చుట్టాలకో అదే మాట చెప్పాను. "మామయ్య పోయారు" అనగానే అవతలివాళ్ళు "అయ్యో" అనేవాళ్ళు. కాసేపాగి, "ఆ పాత మూత్రం జబ్బేగా?" అనేవాళ్ళు. నేను "ఊఁ" అనేవాణ్ణి. ఎన్నిసార్లు ఊఁ కొట్టానో తెలియదు. మధ్యాహ్నానికి నా గొంతు వింటే నాకే రోత పుట్టింది.

ఆ పాత జబ్బు ఆయనది కాదు. నాది. ఈ సంగతి ఎక్కడో ఒకచోట రాసి పెట్టకపోతే నాకు తిండి సయించేలా లేదు. ఆసుపత్రుల చుట్టూ తిరిగి తిరిగి ఒళ్ళు పులిసిపోయి ఉంది, ఓపిక లేదు, అయినా రాస్తున్నాను.

నేను ఇల్లరికపు అల్లుణ్ణి. ఆయనకు ఒక్కతే కూతురు. పచ్చపురుగు పత్తిని నున్నగా తినేశాక మా ఊళ్ళో సగంమంది మిరపకు మళ్ళిన రోజుల్లో ఆ ఇంట అడుగుపెట్టాను. ఇల్లరికం వచ్చినవాడికి తిండి ఎక్కువ, నోరు తక్కువ. ఏది పెడితే అది తినాలి, ఏదీ అడగకూడదు. అలాగని వాళ్ళెవరూ అనలేదు, నేనే అనుకున్నాను. ఆ ఇంట్లో పెట్టేదంతా కారమే. మామగారు వేడి అన్నంలో నిమ్మకాయంత పండుమిరపకాయ పచ్చడి వేసుకుని, చెమట తుడుచుకుంటూ, ముక్కు ఎగబీలుస్తూ తినేవారు. "కారం తిననోడికి మిరప తోటెందుకురా, పోయి మఠంలో చేరక!" అని పాలేళ్ళను ఆటపట్టించేవారు.

మిరప పండించే ఊళ్ళలో మగవాళ్ళు తరచూ చేసే పొరపాటు ఒకటుంది. కల్లంలో ఎండిన మిరపలోంచి తాలుకాయ ఏరుతూ ఏరుతూ లేచి కంచె వెనక్కి వెళతారు. వచ్చాక చేతులు కడుక్కుంటారు. వెళ్ళేముందు కడుక్కోవాలని గుర్తుండదు. ఇక చూడాలి ఆ గంతులు! కల్లమంతా నవ్వు, ఆడవాళ్ళు కూడా కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుతారు. ఆ ఏడు కాయ కోతల్లో నాకు మంట మొదలైతే, అదే అనుకున్నాను. చేతులు కడిగాను. సబ్బుతో కడిగాను. వారం గడిచినా మంట పోలేదు. వేడి చేసిందేమోనని కొబ్బరినీళ్ళు తాగాను. తగ్గినట్టే తగ్గి మళ్ళీ వచ్చింది. గంటకోసారి లేవడం, నాలుగు చుక్కలు పడటం, పొత్తికడుపులో పోటు, సాయంత్రమయ్యేసరికి చలి. కారం మంటకు అలవాటు పడ్డవాళ్ళం కదా, జబ్బు మంట వచ్చినా పోల్చుకోలేకపోయాను.

పోల్చుకున్నాక కూడా ఎవరికి చెప్పను? పెళ్ళయి ఎనిమిది నెలలు. అల్లుడికి ఆ చోట జబ్బంటే ఊరు ఏమేం అల్లుతుందో నాకు తెలుసు. భార్యకు చెబితే అత్తయ్యకు తెలుస్తుంది, అత్తయ్యకు తెలిస్తే పొద్దున్నే పంపు దగ్గరికి చేరుతుంది. మామగారితో చెప్పడమన్న ఆలోచనే రాలేదు.

ఒకరోజు కల్లంలో ఆయన బస్తా మూతి కుడుతూ, నా వైపు చూడకుండానే అడిగారు.

"అబ్బాయ్, పొద్దుట్నించీ ఎన్నిసార్లు లేచావు?"

"చేతికి కారం అంటుకుంది మామయ్యా."

"కారం మంట గంటలో పోద్ది. నువ్వు పదిరోజుల్నించీ కంచె పట్టుకుని నిలబడతన్నావు."

ఆయన పురికొస ముడేసి, పళ్ళతో తెంపి, దబ్బనం గోనెలో గుచ్చారు. "రేపు గుంటూరులో నాకు పనుంది. తోడు రా," అన్నారు.

గుంటూరులో ఆయన పని నేనే. డాక్టరు దగ్గర చీటీ రాసే ఆవిడ పేషెంటు పేరు అడిగితే, నేను నోరు తెరిచేలోగా తన పేరు, తన వయసు చెప్పేశారు. లోపలికి వెళ్ళాక నన్ను ముందుకు తోశారు. "జబ్బు ఈ అబ్బాయిదండీ. చీటీ నా పేరునే ఉండనీండి. ఇంట్లో ఆడాళ్ళు చదువుతారు." డాక్టరు మా ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, ఇంకేమీ అనకుండా పరీక్షకు రాశాడు. ఇన్ఫెక్షన్ అని తేలింది. మాత్రలు చివరిదాకా వాడాలన్నాడు, తగ్గింది కదా అని మధ్యలో ఆపొద్దన్నాడు. నీళ్ళు బాగా తాగమన్నాడు, వచ్చినప్పుడు ఆపుకోవద్దన్నాడు, కొన్నాళ్ళు కారం, టీ మానమన్నాడు. మగవాళ్ళకు ఇలా వస్తే తేలిగ్గా తీసుకోకూడదని, తగ్గాక ఇంకోసారి పరీక్ష చేయించమని చెప్పాడు. మామగారు అన్నిటికీ తనకే చెబుతున్నట్టు తలూపారు.

ఇంటికొచ్చి చెప్పులు విప్పుతూనే ప్రకటించారు. "నాకు మూత్రంలో చీము పడిందంట. డాక్టరు కారం మానెయ్యమన్నాడు. ఇయ్యాల్టి నించీ నాకు చప్పిడి."

"మీకా? నిన్నటిదాకా రాయిలాగా ఉన్నారుగా!" అంది అత్తయ్య.

"జబ్బు చెప్పొస్తదా? అబ్బాయిక్కూడా అదే వండు. నేనొక్కణ్ణే చప్పిడి మెతుకులు నమిలితే నాకు ఏడుపొస్తది. తోడుండాలి."

అలా నేను ఆయనకు తోడున్నట్టు ఊరంతా అనుకుంది. పొద్దున బార్లీ జావ, మధ్యాహ్నం మిరపకాయ వెయ్యని సొరకాయ పప్పు, అరటిదూట కూర, పల్చటి మజ్జిగ. మాత్రలు ఆయన చొక్కా జేబులో ఉండేవి. అన్నం తిన్నాక చేతులు కడుక్కునే నెపంతో పెరట్లోకి పిలిచి ఒకటి నా చేతిలో పెట్టేవారు. కల్లం దగ్గర చెంబెడు నీళ్ళు ఎప్పుడూ నా పక్కనే ఉండేవి, తాగానో లేదో ఓరగా చూసేవారు. పనిలో పడి బిగబట్టుకుని కూర్చుంటే కసురుకునేవారు. "లే. ఆపుకోవడం మగతనం కాదబ్బాయ్, తిక్కతనం. లేచి ముందు చేతులు కడుక్కో. ముందు! తర్వాత కడిగితే దేనికి?"

జబ్బు సంగతి తెలిసి ఇరుగుపొరుగు ఊరుకుంటారా? ఒకావిడ పల్లేరుకాయల కషాయం కాచి తెచ్చింది. ఇంకొకాయన కొండపిండాకు దంచి తెచ్చాడు. పేరు ఆయనది కాబట్టి తాగాల్సిందీ ఆయనే. మొహమంతా ముడుచుకుని, వాళ్ళ ఎదురుగానే గటగటా తాగి, వాళ్ళు వెళ్ళాక పెరట్లో నా దగ్గరకొచ్చి నోట్లో చేదు ఉమ్మేసేవారు. "మాత్రలు నీకు, కషాయాలు నాకు. ఇదెక్కడి న్యాయమయ్యా!" అని గొణిగేవారు. జబ్బు పడ్డాక నాకు మొదటిసారి నవ్వొచ్చింది. నవ్వితే పొత్తికడుపు నొప్పెట్టేది.

నెలన్నరకు రెండో పరీక్ష చేయిస్తే ఏమీ లేదన్నారు. ఆయనిక పచ్చడి జాడీ దించుతారనుకున్నాను. దించలేదు. "మామయ్యా, నాకు తగ్గిపోయిందిగా, మీరు తినండి," అన్నాను. "ఇప్పుడు తింటే మీ అత్తయ్య అడగదా, అంత జబ్బు ఎట్టా పోయిందని? ఈ ఏడు పోనీ," అన్నారు. మరుసటేడు కోతల్లో నీళ్ళు తాగకుండా ఎండలో పడి ఉండి నేను మళ్ళీ తెచ్చుకున్నాను. మళ్ళీ ఆయన పేరు మీదే చీటీ, మళ్ళీ ఇద్దరికీ చప్పిడి. ఆ తర్వాత నాకెప్పుడూ రాలేదు. నేను మెల్లగా కారంలోకి దిగాను, ఆయన దిగలేదు. "నేను మానేశానని చూస్తే నువ్వు అదుపులో ఉంటావు," అనేవారు. ఏటా ఇంట్లో పండుమిరపకాయలు రోట్లో వేసి తొక్కే రోజు ఏదో పని కల్పించుకుని చేలోకి వెళ్ళిపోయేవారు. ఒకసారి మాత్రం వంటింట్లో ఎవరూ లేనప్పుడు జాడీ వాసెన విప్పి, వంగి వాసన చూసి, మళ్ళీ జాగ్రత్తగా గుడ్డ కట్టెయ్యడం చూశాను. గడప దగ్గర్నుంచే వెనక్కి వచ్చేశాను. అప్పుడైనా అత్తయ్యకు నిజం చెప్పి ఉండొచ్చు. చెప్పలేదు, ఎందుకంటే నాకు హాయిగా ఉంది.

అలా పదేళ్ళు గడిచాయి. కిందటేడు ఆయనకు నిజంగానే మొదలైంది. లేచి వెళ్ళి చాలాసేపు నిలబడేవారు, సన్నటి ధార, మళ్ళీ అరగంటకే లేవడం. "పాతదే తిరగబెట్టింది," అంది అత్తయ్య. బార్లీ జావ గిన్నె పెద్దదైంది. గుంటూరు తీసుకెళితే పాత డాక్టరు లేడు, కొత్తాయన ఉన్నాడు. ఎన్నాళ్ళ నుంచి అని అడిగాడు. అత్తయ్య సంచిలోంచి పాత చీటీలన్నీ తీసి బల్ల మీద పరిచింది. "పదేళ్ళ పైమాటేనండి. ఇవిగోండి, అన్నీ దాచాను." ఆయన వాటిని తిరగేసి, మళ్ళీ అదే ఇన్ఫెక్షన్ అయ్యుంటుందని మాత్రలు రాశాడు.

నేను కుర్చీ వెనకే నిలబడి ఉన్నాను. పక్కన నా భార్య. ఆ చీటీలు నావి అనడానికి ఎంతసేపు పడుతుంది? మామగారు తల తిప్పి నన్ను చూసి, ఊరుకోమన్నట్టు కనుబొమ్మ కదిపారు. ఊరుకున్నాను. ఆయన చెప్పారు కాబట్టి ఊరుకున్నానని చాలా రోజులు నాకు నేనే నచ్చజెప్పుకున్నాను.

రెండు విడతలు మాత్రలు మింగారు. రెండు నెలలు పోయాయి. ఆ తర్వాత మూత్రంలో రక్తం పడింది. ఆ రోజు అత్తయ్యను బయట బెంచీ మీద కూర్చోబెట్టి, నేనొక్కణ్ణే లోపలికి వెళ్ళి నిజం చెప్పాను. డాక్టరు చేతిలోని పాత చీటీలు పక్కన పెట్టేశాడు. వేరే పరీక్షలు రాశాడు. ప్రోస్టేటు నుంచి ఎముకలకు పాకిందని తేలింది. "రెండు నెలల ముందు చెప్పుంటే?" అన్నాను. "పెద్ద తేడా ఉండేది కాదు," అన్నాడు. ఉన్నమాటే అన్నాడో, నా మొహం చూసి జాలిపడి అన్నాడో నాకు తెలియదు. ఇప్పటికీ బస్సులో కిటికీ పక్కన కూర్చుంటే అదే ఆలోచన.

చివరి నాలుగు నెలలు ఆయనకు మూత్రానికి పైపు, సంచి. సంచి ఖాళీ చేసే పని ఎవరికీ ఇవ్వకుండా నేనే చేశాను. పంపు దగ్గర మోచేతుల దాకా సబ్బు రుద్దుకుని వచ్చి మంచం పక్కన కూర్చుంటే, నా తడి చేతుల వంక చూసి, "ముందే కడుగుతున్నావే. నేర్చుకున్నావ్," అనేవారు. ఒక మధ్యాహ్నం ధైర్యం చేసి అడిగాను.

"అత్తయ్యకు చెప్పెయ్యనా మామయ్యా?"

"ఇప్పుడెందుకూ? అల్లుడికి జబ్బంటే ఊరు పదేళ్ళు చెప్పుకునేది. మావకి జబ్బంటే రెండ్రోజులు చెప్పుకుని మర్చిపోయారు. మంచి బేరమేగా." కాసేపు కళ్ళు మూసుకున్నారు. "జావే కాస్త కష్టంగా ఉండేది."

పదకొండో రోజు పెద్దకర్మ. పోయినవాళ్ళకు ఇష్టమైనవి వండి విస్తట్లో పెట్టాలి. ఇంటినిండా చుట్టాలు. అత్తయ్య నెమ్మదిగా ఒక్కొక్కటీ వడ్డించింది. సొరకాయ పప్పు, అరటిదూట కూర, మజ్జిగ, చిన్న గిన్నెలో బార్లీ జావ. ఎవరో పచ్చడి అందించబోతే అత్తయ్య చెయ్యి అడ్డం పెట్టింది.

"వద్దు. పదేళ్ళుగా ఆయన కారం ముట్టేవాడు కాదు."

చుట్టాలందరూ అవునవునని తలలూపారు. పెరట్లో కాకులకు పెట్టమని అత్తయ్య విస్తరి నా చేతికి ఇవ్వబోయింది. నేను అందుకోలేకపోయాను.

"అత్తయ్యా, ఆ చీటీలు నావి. ఆ జబ్బు నాది. నా పరువు పోతుందని మామయ్య తన పేరు రాయించుకున్నారు. అప్పుడాయనకేం జబ్బు లేదు, కారం ఊరికే మానేశారు."

నా భార్య నన్ను చూస్తున్న సంగతి తెలుస్తూనే ఉంది, అటు తిరగలేదు. అత్తయ్య విస్తట్లోని జావ గిన్నె వంక చూసింది.

"మింగలేక మింగేవాడయ్యా ఆ జావ. రోగమని దగ్గర కూర్చుని నేనే బలవంతాన పోశాను." ఆమె నా వైపు తిరిగింది. "డాక్టరు దగ్గర అవన్నీ పరిచినప్పుడన్నా నోరు తెరవలేకపోయావా?"



అత్తయ్య విస్తట్లోంచి జావ గిన్నె తీసి పక్కన పెట్టింది. మోకాళ్ళ మీద చేతులానించి లేచి, వంటింట్లోకి వెళ్ళి, జాడీ తనే మోసుకొచ్చింది. వాసెన ముడి రాకపోతే పళ్ళతో లాగింది. గరిటె వద్దని చేత్తోనే తీసి, నిమ్మకాయంత ముద్ద అన్నం నడుమ పెట్టింది, చూసి, ఇంకో ముద్ద పెట్టింది. నేను పంపు దగ్గరికి వెళ్ళి చేతులు కడుక్కుని వచ్చి విస్తరి ఎత్తుకున్నాను. పెరట్లోకి నడుస్తుంటే తెల్లటి అన్నంలోకి ఎర్రటి నూనె మెల్లగా దిగుతోంది.