ఒకే రేటుకు ఆరు రోగాలు

ఒక మనిషి ఒక్క పూటలో ఆరు రోగాలు తెచ్చుకుని, మర్నాటికల్లా అన్నీ పోగొట్టుకుని, ఆ మధ్యలో చేతికందిన పెళ్లి సంబంధాన్ని చెడగొట్టుకునేంత దూరం వెళ్లడం సాధ్యమేనా అని మీరు అడిగితే, సాధ్యమేనని నేను సాక్ష్యం చెప్పగలను. ఆ మనిషిని నేనే.

అప్పటికి నాకు ముప్పై దాటింది. మొయినాబాద్‌లో ప్లాట్లు కొలిచేవాళ్ల దగ్గర లెక్కలు కట్టేవాణ్ని. చదువు పదో తరగతిలో ఆగిపోయింది గానీ లెక్క ఆగలేదు. ఎన్ని గుంటలో చెబితే ఎన్ని గజాలో నోటితోనే చెప్పేవాణ్ని. ఊళ్లో నా పేరు లెక్కల అంజయ్య. చిక్కేమిటంటే, అవి సిటీలో సాఫ్ట్‌వేర్ కంపెనీలు వరసగా లేస్తున్న రోజులు. నేను చూసొచ్చిన ఇద్దరు అమ్మాయిలనూ సాఫ్ట్‌వేర్ అబ్బాయిలే చేసుకున్నారు. వాళ్లకుండి నాకు లేనిదేమిటో తీసివేత వేసి చూశాను. చదువు, జీతం, కారు నా చేతిలో లేవు. మిగిలింది మొహంలో మెరుపు. అదెక్కడ దొరుకుతుందో కూడా కనిపెట్టాను. ఆదివారం వస్తే వాళ్ల కార్లన్నీ చిన్న మంగళారంలో ఒక ఫామ్‌హౌస్ ముందు ఆగేవి. గేటు మీద ఓజోన్ వైద్యం అని బోర్డు.

ఎంకపల్లిలో సంబంధం చూడడానికి వెళ్లాల్సిన ముందురోజు నేనూ ఆ గేటు దాటాను.

తెల్లకోటు వేసుకున్న ఒకాయన వైద్యం వివరించాడు. ఒంట్లోంచి కొంత రక్తం సీసాలోకి తీస్తారు. అందులోకి ఓజోన్ గ్యాసు పంపి కలుపుతారు. నల్లగా ఉన్నది ఎర్రబడుతుంది. దాన్ని మళ్లీ అదే చేతిలోకి ఎక్కిస్తారు. తీసిందంతా తిరిగి కలిపితే మొదటి సంఖ్యే వస్తుందని ఎవరడిగినా ఊరికే చెప్పేవాణ్ని. ఆ రోజు నన్నెవరూ అడగలేదు.

"ప్రాబ్లమ్ ఏందన్నా?" అన్నాడు తెల్లకోటాయన.

మెరుపు కావాలని చెప్పడానికి నోరు రాలేదు. పక్క కుర్చీలో పంచె కట్టుకున్న పెద్దమనిషి ఒకాయన, చేతికి సూదితో, చెవులు నావైపు పెట్టి కూర్చున్నాడు. అందుకని మాట మార్చాను.

"ఏ రోగానికి ఎంత తీస్కుంటరు?"

"రోగాన్ని బట్టి ఉండదన్నా. అన్నిటికి ఒకటే రేటు."

"అంటే, ఒక్క రోగమున్నోడు గంతే, పది రోగాలున్నోడు గంతేనా?"

"గంతే."

ఇక్కడ మీరు నన్ను కాస్త అర్థం చేసుకోవాలి. మెరుపొక్కటే తీసుకుని పూర్తి రేటు కడితే, మిగతా రోగాల వాటా అంతా నాకు నష్టం. పెళ్లి విందులో ఒక్క కూరతో లేచిపోయే రకం కాను నేను.

"మీ దగ్గర ఏమేం రోగాలు తక్కువైతయో చెప్పుండ్రి," అన్నాను.

"షుగర్?"

"ఉన్నది."

"బీపీ?"

"ఉన్నది."

"మోకాళ్ల నొప్పులు?"

"రెండిట్ల ఉన్నయి."

ఆయాసం ఉన్నదన్నాను. నిద్ర పట్టదన్నాను. అప్పటికి తెల్లకోటాయన గొంతు సన్నబడింది.

"మతిమరుపు?"

"మంచిగ యాది చేసినవ్. గది గుడ ఉన్నది."

పక్క కుర్చీ పెద్దమనిషి కళ్లలో నీళ్లు తిరిగాయి. "గింత చిన్న వయసుల ఎంత కష్టమొచ్చె బిడ్డా!"

"ఏం జేస్తం కాకా," అన్నాను. నా మీద నాకే జాలి కలిగింది.

"నాకు నడుము నొప్పొక్కటే. ఇంట్ల చెప్పలే. గిసొంటియంటె మా ఆమెకు పడదు. చేవెళ్లకు ఎరువు బస్తాలకు పోతున్న అని చెప్పొచ్చిన. నువ్వు గుడ యాడ అనకు."

"నాకు మతిమరుపు గద కాకా," అని ధైర్యం చెప్పాను.

పేర్లు మాత్రం ఒకరినొకరం అడగలేదు.

మర్నాటికి మొహంలో మెరుపు రాలేదు. మోచేతి మడతలో నీలం మచ్చ తేలింది. నిండు చేతుల చొక్కా తొడుక్కుని అమ్మతో ఎంకపల్లి వెళ్లాను.

అమ్మాయి పేరు సునీత. వాళ్ల పూలతోట లెక్కలన్నీ తనే చూస్తుందని విన్నప్పుడే నా మనసు సగం అటు వెళ్లిపోయింది. ఆమె వచ్చి ఎదురుగా కూర్చుని, తల దించుకోకుండా నన్ను నిదానంగా పరిశీలించింది. మిగతా సగం కూడా వెళ్లిపోయింది. ఈ సంబంధం తప్పిపోతే మళ్లీ పెళ్లిచూపులకు బయల్దేరకూడదని అక్కడే తీర్మానించుకున్నాను.

అంతలో సునీత తండ్రి, "మా బామ్మర్ది, పిల్లకు మేనమామ. సురంగల్ల ఉంటడు. ఈయన ఊ అంటెనే మా ఇంట్ల ఏ పనైన," అంటూ ఒకాయన్ని, ఆయన భార్యను లోపలికి తీసుకొచ్చాడు.

పంచె అదే. మనిషీ అతనే.

ఆయన నన్ను చూశాడు. నేను ఆయన్ని చూశాను. నా సంగతి బయటపెడితే ఆయన ఎరువు బస్తాల సంగతీ బయటపడుతుంది కాబట్టి నాకు భయం లేదని లెక్క వేశాను. ఆ లెక్కలో ఆయన జాలిగుండెను కలపడం మరిచిపోయాను.

పెద్దాయన వచ్చాడని లేచి నిలబడ్డవాణ్ని, మళ్లీ అందరితోపాటు చాప మీద కూర్చోబోయాను.

"కింద కూసోవెట్టకుండ్రి! కుర్సీ తెండ్రి," అన్నాడు మేనమామ.

లడ్డూలు వచ్చాయి. "పిల్లగానికి తీపొద్దు. తియ్యుండ్రి."

మిక్చర్ వచ్చింది. "ఉప్పు గుడ వద్దు."

దేవుడి పటం ముందు ఊదుబత్తి ఆర్పించాడు, పొగ పడదని. చాయ్ కప్పు పెదాల దాకా వచ్చాక నా చేతిలోంచి తీసుకుని, "ఇప్పుడు తాగితె రాత్రి నిద్ర వట్టదు బిడ్డా," అని తనే తాగాడు. నా ముందు గ్లాసెడు మంచినీళ్లు మిగిలాయి.

"గీయన నిన్ను ఏం తిననిస్తలేడేందిరా? సంబంధం ఇష్టం లేదా?" అంది అమ్మ నా చెవిలో.

సునీత తండ్రికీ ఏదో తేడాగా అనిపించినట్టుంది. నవ్వు తెచ్చుకుని, "లెక్కలు నోటితోనే చెప్తవంట గద! మా తోట మూడెకరాల పదిహేడు గుంటలు. ఎన్ని గజాలైతది?" అని అడిగాడు.

నేను నోరు తెరిచాను. మేనమామ చెయ్యి అడ్డం పెట్టాడు.

"అడగకు బావా. పాపం, ఆ పిల్లగానికి ఏది యాదికుండదు."

లడ్డూ పోతే ఓర్చుకున్నాను. చాయ్ పోతే ఓర్చుకున్నాను. కానీ నాకున్న ఆస్తల్లా ఆ ఒక్క జ్ఞాపకశక్తే.

"పదహారువేల అయిదువందల డెబ్బై ఏడు!" అని అరిచాను.

అందరూ ఉలిక్కిపడ్డారు. మేనమామ భార్య మెల్లగా భర్త వైపు తిరిగింది.

"ఏమయ్యా, గీ పిల్లగాడు నీకు ముంగటనే ఎరుకనా?"

"నిన్న... ఎరువు దుకాన్ల కలిసిండు."

"మరి బస్తాలేవి?"

ఆయన నావైపు చూశాడు. అంత దీనమైన చూపు నేను మళ్లీ ఎక్కడా చూడలేదు. నేను ఎరువు దుకాణమే అంటే ఆయన బతికిపోతాడు, నేను ఆరు రోగాలతో ఇంటికి పోతాను. నిజం చెబితే ఇద్దరం మునుగుతాం. కానీ ఎదురుగా సునీత కూర్చుని ఉంది.

"నాకు ఏ రోగం లేదు," అన్నాను. "మొఖంల మెరుపొస్తదని చిన్న మంగళారం పోయి రక్తం తీపిచ్చుకొని, ఓజోన్ కలిపి మల్ల ఎక్కిచ్చుకున్న. అన్ని రోగాలకు ఒకటే రేటన్నరు. అందుకే అన్నీ ఉన్నయని చెప్పిన. గీ కాక పక్క కుర్సీల ఉండె."

సునీత తండ్రి కిటికీలోంచి బయటికి చూడసాగాడు. మేనమామ భార్య ఏమీ అరవలేదు. "ఇంటికి పోదాం, పా," అంది చాలా శాంతంగా. ఆయన మాత్రం నా కుర్చీ కోడును గట్టిగా పట్టుకున్నాడు.

అప్పుడు సునీత మొదటిసారి నోరు విప్పింది.

"మరి ఆరు రోగాలు తక్కువైనయా?"

లెక్క విషయంలో నేను అబద్ధం చెప్పను. ఒక్కొక్కటే గుర్తు చేసుకుని చూశాను.

"అన్నీ తక్కువైనయి. ఒక్కటి గుడ మిగల్లే."

సునీత కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి పరిగెత్తింది. సంబంధం పోయిందనుకుని లేచి చెప్పులు వెతుక్కుంటున్నాను. ఆమె లడ్డూల పళ్లెం తెచ్చి నా ముందు పెట్టింది.

ఇప్పుడు నాకు యాభై దాటింది. ఆ రోజు ముందుగా చెప్పి పెట్టినవన్నీ తీరిగ్గా ఒక్కొక్కటే వస్తున్నాయి. షుగర్ వచ్చింది. బీపీ వచ్చింది. ఒక మోకాలు మొదలైంది. ఏ పెళ్లికి వెళ్లినా నా ముందు నుంచి లడ్డూ తీసేసేది ఇప్పుడు సునీతే, అచ్చం మేనమామ గొంతుతో. మతిమరుపు ఇంకా రాలేదు. వచ్చి ఉంటే నాకు గుర్తు లేదు.

అందుచేత నాకొచ్చిన ఎక్కాలన్నిటి మీద ఒట్టేసి చెబుతున్నాను. ఇకమీదట ఏ వైద్యుడి ముందు కూర్చున్నా, రేటు ఒకటే అయినా, ఆఖరికి ఊరికే చేస్తామన్నా సరే, నాకున్న రోగాలకు మించి ఒక్కటి కూడా చెప్పను.