టైపు మేడమ్ గారి కంప్యూటర్‌కి రెండు కన్నాలు

ఆ రోజుల్లో చొక్కా జేబులో స్క్రూడ్రైవర్ కనిపిస్తే చాలు, మా వైపు జనం "ఇంజనీరు గారూ" అని పిలిచేసేవారు. కాదండీ అని చెప్పేంత వినయం ఇరవయ్యొకటో ఏట నాకు లేదు. బెజవాడలో మూడు నెలల హార్డ్‌వేర్ కోర్సు పూర్తి చేసి (అందులో ఒక నెల పాఠం చెప్పే ఆయనకి పచ్చకామెర్లు), బందరులో బావ నడిపే కంప్యూటర్ షాపులో చేరాను. బావంటే మా అక్క మొగుడేం కాదు, ఆ వీధిలో సగంమందికి ఆయన బావే. ఒకరోజు పొద్దున్నే చిన్న కార్డొకటి నా చేతిలో పెట్టి, "నాగాయలంక వెళ్ళొచ్చేయరా. అక్కడ టైపు ఇన్‌స్టిట్యూట్ మేడమ్ గారు కొత్త ప్రింటర్ కొన్నారు. తీరా చూస్తే దాని వైరు గుచ్చడానికి ఆవిడ పాత కంప్యూటర్‌కి యూఎస్‌బీ కన్నమే లేదు. ఈ కార్డు లోపల బిగిస్తే వెనకాల రెండు వస్తాయి. చెయ్యగలవా?" అన్నాడు. "కళ్ళు మూసుకుని చేస్తాను బావా" అన్నాను. (చేసింది కూడా అలాగే.)

చల్లపల్లి, మోపిదేవి, అవనిగడ్డ మీదుగా బస్సు నన్ను కుదిపి కుదిపి నాగాయలంకలో దింపేసరికి పదకొండయింది. ఇన్‌స్టిట్యూట్ అంటే ఒక పొడుగాటి గది. గోడవారగా ఆరు టైపు మిషన్లు, మూలన కుట్టుపూల గుడ్డ కప్పుకున్న కంప్యూటర్. కొన్నప్పుడు తెల్లగానే ఉండి ఉంటుంది, అప్పటికి పాత పంచె రంగుకి వచ్చింది. బెంచీ మీద తొమ్మిదిమంది ఆడపిల్లలు వరసగా కూర్చుని నా వంక ఆశగా చూస్తున్నారు. నా అందం చూసి కాదని మేడమ్ గారు వెంటనే తేల్చేశారు. "రేపు పొద్దున బందర్లో వీళ్ళకి ఇంటర్వ్యూ నాయనా. కంప్యూటర్ ఆపరేటర్లు కావాలంట. కోర్సు సర్టిఫికెట్ చేతిలో ఉంటేనే లోపలికి రానిస్తారంట. పాత ప్రింటర్ పోయిన వారమే పోయింది. ఇదిగో, ఈ అమ్మాయి లంకలోంచి పడవ దాటి వచ్చింది, పొద్దు వాలకముందే ఇల్లు చేరాలి." "అరగంట పనండీ" అన్నాను దర్జాగా.

పెట్టె మూత తీశాను. లోపల ఏళ్ళ తరబడి చేరిన దుమ్ము చూసి ఒక పిల్ల తుమ్మింది. ఖాళీగా ఉన్న గాడి చూసి కార్డు అందులో పెడితే అది దిగదే! కోర్సులో "సున్నితంగా" అని ఒక మాట చెప్పిన గుర్తు. కానీ తొమ్మిదిమంది చూస్తుండగా సున్నితంగా ఎంతసేపని నొక్కుతాం? లేచి నిలబడి, అరచేత్తో ఒక్క తోపు తోశాను. టక్కుమంది. కార్డుతోపాటు పక్కన ఇంకేదో కూడా కదిలినట్టనిపించింది. అనిపించిన ప్రతిదాన్నీ పట్టించుకుంటే ఇంజనీర్లం ఎలా అవుతాం! స్విచ్ వేశాను. ఫ్యాను తిరిగింది. తెర మాత్రం నల్లగా అలాగే ఉండిపోయింది, లోపలినుంచి కీచుమని ఏదో కూత మొదలైంది. కార్డు పీకి మళ్ళీ వేశాను, అదే కూత. వైర్లు పీకి గుచ్చాను. మళ్ళీ అదే. చొక్కా వీపుకి అతుక్కుపోయింది. అరగంట కాస్తా గంటన్నర అయింది.

అప్పుడు నా నోటివెంట ఒక అబద్ధం వచ్చింది. "బాగా పాతదైపోయిందండీ. బోర్డు కాలిపోయింది. నేను మూత తీసేసరికే ఆఖరి దశలో ఉంది."

పడవ దాటి వచ్చిన అమ్మాయి తలవంచుకుని తన సంచీ పట్టీ చుట్టడం, విప్పడం మొదలుపెట్టింది. అది చూడలేక నేను గోడమీది క్యాలెండర్ చూశాను.

మేడమ్ గారు మాత్రం కళ్ళజోడు తీసి, "స్విచ్చి ఇంకోసారి వెయ్యి నాయనా" అన్నారు. వేశాను. కళ్ళు మూసుకుని విన్నారు. ఆరు మిషన్లూ ఒకేసారి మోగుతుంటే ఎవరు ఏ అక్షరం తప్పు కొట్టారో చెప్పగల చెవులవి. "ఒకటి పొడుగు, రెండు పొట్టి. గురువు, లఘువు, లఘువు. భగణం కదూ ఇది? మా నాన్నగారు తెలుగు పండితుల్లే. కాలిపోయినదానికి ఇంత ఛందస్సు ఎందుకు నాయనా? ఏదో చెబుతోంది అది." బీరువా తెరిచి, అట్ట వేసిన ఒక పుస్తకం తీశారు. కంప్యూటర్‌తోపాటు వచ్చిందట. (షాపులో మేము అలాంటివి పొట్లాలు కట్టడానికి వాడేవాళ్ళం.) వేలు పెట్టి వెతికి, "ఒక పొడుగు, రెండు పొట్టి అంటే, తెరకి బొమ్మ పంపే కార్డు సరిగ్గా కూర్చోలేదని రాశాడు. అదెక్కడుంటుందో చూడు" అన్నారు.

చూశాను. నేను తోసిన గాడి పక్కనే, ఆ కార్డు ఒక చివర పైకి లేచి ఉంది. రెండు వేళ్ళతో నొక్కాను. ఈసారి నిజంగానే సున్నితంగా. స్విచ్ వేయగానే తెర వెలిగింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. "బాబు కనిపెట్టేశాడర్రా!" అన్నారు మేడమ్ గారు. ఆ మాటకంటే చెంపదెబ్బ నయమనిపించింది.

కొత్త కన్నంలో వైరు గుచ్చి, సీడీ వేసి, మరో అరగంట తంటాలు పడ్డాక ప్రింటర్ గరగరమంటూ మొదటి సర్టిఫికెట్ కక్కింది. పడవ అమ్మాయి దాన్ని గబుక్కున తీసుకుని కళ్ళకద్దుకుంది. "ఇంకా ఆరలేదే పిల్లా!" అని మేడమ్ గారు అరిచేలోపే ఆమె పేరులో సగం ఆమె నుదుటికి ఎక్కింది. అందరికంటే ఎక్కువ ఆమే నవ్వింది. మళ్ళీ వేసి, గాలికి ఆరబెట్టి ఇచ్చాం. పొద్దు వాలకముందే రేవుకి వెళ్ళిపోయింది.

అందరూ వెళ్ళాక మేడమ్ గారు పెరుగన్నం, మాగాయ పెట్టారు. రెండో ముద్ద చేతిలో పట్టుకునే, "బోర్డు కాలిపోయిందని అబద్ధం చెప్పానండీ. నేనే గట్టిగా తోశాను" అన్నాను.

"తెలుసులే. ఇరవై ఏళ్ళుగా చూస్తున్నాను, అక్షరం తప్పు కొట్టిన ప్రతివాళ్ళూ మిషన్ బాలేదనే అంటారు. నువ్వు అన్నం దగ్గరికి వచ్చేసరికైనా ఒప్పుకున్నావు. తిను" అంటూ ఇంకో ముక్క మాగాయ వేశారు.

ఆ తొమ్మిదిమందిలో నలుగురికి ఉద్యోగాలొచ్చాయని, వాళ్ళలో పడవ అమ్మాయి కూడా ఉందని తర్వాత బావ చెప్పాడు. మేడమ్ గారిని నేను మళ్ళీ చూడలేదు. ఇప్పుడు గుడివాడలో నాకూ ఒక షాపుంది, జుట్టు నెరిసింది, స్క్రూ కిందపడితే వెతకడానికి కళ్ళజోడు కావాలి. ఎవరైనా యంత్రం తెచ్చి బల్లమీద పెడితే, "ఏమైందో ఇప్పుడే తెలీదండీ, చూసి చెబుతాను. నా చేతిలో పాడైతే అదీ చెబుతాను" అంటాను. ఈ మాట రోజుకి నాలుగుసార్లైనా అంటానని గర్వంగా చెబితే, ఇంట్లో మాత్రం ఇన్నేళ్ళలో ఒక్కసారీ వినలేదే అంటుంది మా ఆవిడ. నిజమే కాబోలు.